గోడకు చేతులు ఆనించిన పిల్లలు

నేను అంగన్వాడీ టీచర్‌ని. పద్దెనిమిదేళ్ళుగా అర్ధవీడు మండలంలో ఒకే ఊళ్ళో చేస్తున్నాను. ఊరి పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది. ఇది ఒక పాప సంగతి. ఆ పాపకు మాట రావడమా, రాకపోవడమా అన్నది కొన్నాళ్ళపాటు నా చేతుల్లో ఉండింది. అది నాకు తెలియలేదు. తెలుసుకోవడానికే నాకు జీతం ఇస్తున్నారు.

మార్కాపురంలో ట్రైనింగు దగ్గర మొదలుపెట్టాలి. మాకు ట్రైనింగులు కొత్తేమీ కాదు. ఆరు రోజులు బస్సెక్కి పోవడం, ఫ్యాను కింద చోటు కోసం పోట్లాడుకోవడం, మధ్యాహ్నం పులిహోర పొట్లం, చివరిరోజు అందరం నిలబడి ఫొటో. ఇచ్చిన పుస్తకాలు ఇంటికి తెచ్చి అటక మీద పడేసేదాన్ని. ఈసారి వచ్చిన ట్రైనర్ మేడం వేరే రకం మనిషి. సన్నగా, పొట్టిగా, తెల్లజుట్టుతో ఉంటుంది. గొంతు పెంచదు. ఆమె మాకు ఒకటే పని పెట్టింది. రోజుకు ఒక గంట చొప్పున పది రోజులు పిల్లల్ని ఊరికే చూడాలట. ఆ గంటలో పాఠం చెప్పకూడదు, అదిలించకూడదు, ఫోను ముట్టకూడదు. కంటికి కనబడింది మాత్రమే నోటుబుక్కులో రాయాలి. "మంచి పిల్ల", "మొండిది" అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది. అవి మన అభిప్రాయాలట, పిల్ల కాదట. ఆ నోటుబుక్కు నింపితేనే సర్టిఫికెట్ అంది.

పిల్లల్ని చూడటం ఏంది, రోజూ చూస్తూనే ఉన్నాం కదా అని మాలో మేము నవ్వుకున్నాం. నేనైతే పది రోజుల నోటుబుక్కునూ ఒక్క సాయంత్రం మా ఆయన టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని రాసి పారేశాను. నాలుగేళ్ళ వాగుడుకాయ ఒకతె మా సెంటర్లో ఉంది. ఆ పిల్ల బొమ్మలతో ఆడింది, పాట పాడింది, చెయ్యి కడుక్కుని అన్నం తినింది అని అందంగా అల్లాను.

వారం తిరగ్గానే మేడం మా సెంటరుకే వచ్చింది. వచ్చి చాప మీద పిల్లల పక్కన కూర్చుని, నా నోటుబుక్కు మొత్తం చదివి, మెల్లగా అడిగింది.

"ఈ పాప ఏ చేత్తో తింటుందమ్మా?"

"కుడి చేత్తోనే మేడం. ఇంకే చేత్తో తింటారు?"

ఆ పాప ఆమెకు ఎదురుగానే ఎడమ చేత్తో పప్పన్నం తింటోంది. మేడం నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టి, మళ్ళీ మొదటి రోజు నుంచి రాయమని చెప్పి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాగుండేది. పిల్లల ముందు, ఆయా ముందు నా పరువు తీసింది ముసల్ది అని ఆ రోజంతా గిన్నెలు ఎత్తి కుదేశాను. సర్టిఫికెట్ కోసమని, అంతకంటే ఆమె నోరు మూయించాలని, మర్నాటి నుంచి నిజంగానే కూర్చున్నాను.

మా సెంటరు అప్పటికి ఏడాదిగా అద్దె గదిలో నడుస్తోంది. పాత బిల్డింగు కారుతుంటే ఊరి లోపల ఈ గది చూశారు. పలకరాతి గోడలు. ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది, పగలు కూడా చీకటిగా ఉంటుంది. వెనక గోడకు కిటికీ లేదు. ఆ గోడ అవతల ఇంకో ఇల్లు, దాని వాకిలి వెనక సందులోకి. మేముండేది రోడ్డు మీది కాలనీలో కాబట్టి నాకు ఆ సందులో పెద్దగా రాకపోకలు లేవు.

పిల్లలు పదకొండు మంది. అన్నం తిన్నాక ఆయా వాళ్ళను పడుకోబెట్టేది. ఆ గంటలో నేను బయట అరుగు మీద కూర్చుని ఫోనులో హాజరు, గుడ్ల ఫొటో, బరువులు ఎక్కించుకునేదాన్ని. ఏడాదిగా వాళ్ళు నిద్రపోతున్నారనే అనుకున్నాను. అంత బుద్ధిమంతులని సూపర్వైజర్‌తో గొప్పలు కూడా పోయాను.

మొదటి రోజు అరుగు మీదికి పోకుండా లోపలే బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాను. ఆయా తలుపు దగ్గరగా వేసి గిన్నెలు తోమడానికి పోయింది. కాసేపటికి ఆ వాగుడుకాయ లేచింది. నడవలేదు, పాకింది. వెనక గోడ దాకా పాకి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, చెంప కూడా ఆనించి, కళ్ళు మూసుకుంది. పొద్దుటి నుంచి నోరు మూయని పిల్ల కిక్కురుమనలేదు. తర్వాత ఇంకొకరు లేచారు. తర్వాత ముగ్గురు. చూస్తుండగానే పదకొండు మందీ గోడ పొడవునా వరుసగా కూర్చున్నారు, అందరి చేతులూ గోడకే. ఎవ్వరూ నవ్వలేదు, ఎవ్వరూ పక్కవాళ్ళను గిల్లలేదు. పద్దెనిమిదేళ్ళలో పదకొండు మంది పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. చేతులు గోడకు పెట్టారు అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు వాళ్ళలో ఒకతె విరిగిన పలక ముక్క తీసుకుని గోడ మీద మూడుసార్లు కొట్టింది. టక్, టక్, టక్. కొట్టి చెయ్యి వెనక్కి తీసి గోడకు ఆనించింది. అందరూ ఊపిరి బిగబట్టారు. నేను కూడా ఎందుకో బిగబట్టాను.

గోడ లోపలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. నిదానంగా, ఒక్కోటీ ఆగి ఆగి.

నోటుబుక్కులో ఆ రోజు చివరి వాక్యం సగంలో ఆగిపోయి ఉంది. ఎలుకలు, పందికొక్కులు అనుకుందామంటే అవి లెక్కపెట్టి కొట్టవు కదా. గంట అయిపోయిందో లేదో కూడా చూసుకోకుండా వాగుడుకాయను ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఎవరే ఆడుండేది?"

"గోడలో అక్క."

"ఏ అక్క? పేరేంది?"

"పేరు లేదు. అక్క మాట్లాడదు టీచర్. చేతుల్తో వింటాది."

ఆ పిల్ల ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, నాకు మధ్యాహ్నం పూట చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఆయా నాకంటే పదేళ్ళు పెద్దది, చిన్నమ్మా అని పిలుస్తాను. ఆమెను అడిగితే తోముతున్న గిన్నె కింద పెట్టేసింది.

"నువ్వు ఆ గోడ జోలికి పోబాక టీచరమ్మా. అవతల అమ్మవారుండాది."

"అమ్మవారేంది చిన్నమ్మా?"

"ఆ ఇంటికి వేపాకు కట్టినారు. మనమీ గదిలోకి రాకముందే కట్టినారు."

"ఏడాదైంది మనం వచ్చి. అమ్మవారు ఏడాది ఉంటాదా ఎక్కడన్నా?"

"అదంతా నాకెందుకు, నీకెందుకు? పిల్లోళ్ళను ఈ పక్క పడుకోబెడతాలే," అని గిన్నె తీసుకుని లేచిపోయింది.

పిల్లకు అమ్మవారు పోస్తే మా వైపు వాకిలికి వేపమండలు కడతాం. అవి కనబడితే బయటివాళ్ళు లోపలికి పోరు, బిడ్డ ఎట్లుందని కూడా అడగరు. రెండు మూడు వారాలకు తలకు నీళ్ళు పోసి, పెరుగన్నం పెట్టి అమ్మను సాగనంపుతారు, మండలు తీసేస్తారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లో అట్లా కడితే, ఊరినుంచి వచ్చిన తన సొంత తమ్ముణ్ణి మా అమ్మ వాకిట్లోనుంచే వెనక్కి పంపింది. నీళ్ళు కూడా ఇవ్వలేదు. అమ్మ ఉన్న ఇంట్లోకి ఎవరైనా తొక్కి వస్తే బిడ్డకు కళ్ళు పోతాయని చెప్పేది. ట్రైనింగులు ఎన్ని అయినా ఆ మాట నాలోంచి పోలేదు.

ఆ సాయంత్రం సందులోకి పోయి చూశాను. పాత ఆకులు ఎండి వేలాడుతుంటాయి అనుకున్నాను. లేదు. పచ్చగా ఉన్నాయి, తుంచిన చోట ఇంకా తడి ఉంది. ఆ పొద్దునే కట్టినవి. తలుపు వేసి ఉంది. సందులో ఊడ్చుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు చీపుళ్ళు ఆపి నా వైపే చూస్తున్నారు, పలకరించలేదు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, భయపడ్డాను.

నాలుగో రోజు, ఐదో రోజు గోడ పలికింది. ఆరో రోజు పలకలేదు. పిల్లలు మూడుసార్లు కొట్టారు, ఆగారు, మళ్ళీ కొట్టారు. ఏమీ లేదు. అట్లాగే చేతులు ఆనించుకుని కూర్చుండిపోయారు. ఏడో రోజూ లేదు. అప్పుడు వాగుడుకాయ లేచి వచ్చి నా ముందు నిలబడింది. నేను పుస్తకం పట్టుకుని కూర్చునే ఆ గంటలో పిల్లలెవరూ నన్ను పట్టించుకునేవాళ్ళు కాదు.

"టీచర్, అక్క సచ్చిపోయిందా?"

ఆ మాటకు లేచాను. అవతల దయ్యం ఉందో దేవత ఉందో నాకు తెలియదు గానీ, నాలుగేళ్ళ పిల్ల అక్క అంటోందంటే అక్కడ ఒక బిడ్డ ఉంది. బిడ్డ ఉంటే అది నా బిడ్డ, నా రిజిస్టర్లో ఉండాల్సిన బిడ్డ. పిల్లల్ని ఆయాకు అప్పగించి సందులోకి పోయాను. వాకిట్లో తొట్టి ఉంటే కాళ్ళు కడుక్కున్నాను. వేపమండల కింద తల వంచి తలుపు తోశాను.

"ఎవరది? ఆగు, ఆడనే ఆగు!"

లోపల ముసలామె. గొర్రెలు కాసుకునే ఇల్లు వాళ్ళది. కొడుకు మందతో కోస్తా వైపు పోయినాడు, కోడలు కూలికి పోయింది. ముసలామె చేతిలో పసుపునీళ్ళ చెంబు ఉంది. కోపంగా లేదు, బెదిరిపోయి ఉంది.

"అవ్వా, నేను అంగన్వాడీ టీచర్ని. బిడ్డను చూసిపోతా."

"అమ్మ ఇంకా పోలేదు తల్లీ. నువ్వు బయటినుంచి వచ్చినావు, అమ్మకు కోపం వస్తాది."

"ఎప్పుడు వచ్చింది అవ్వా అమ్మ?"

"బిడ్డ చంకలో ఉన్నెప్పుడు. ఒళ్ళంతా పోసి కాలిపోయె. పొక్కులు మానినాయి గానీ అమ్మ పోలే. బిడ్డ గొంతు తీసుకొని ఈడనే కూచుండాది. ఇచ్చి పోతాది. ఇచ్చిందాకా బిడ్డ గడప దాటగూడదు, నేను ఆకు తియ్యగూడదు."

"అట్ల ఎన్నేండ్లాయె?"

"అమ్మకు ఏండ్లేంది?" అంది, నేను పిచ్చి మాట అడిగినట్టు.

ఆమె వెనక, మా సెంటరు గోడ పక్కన, చాప మీద పాప పడుకుని ఉంది. ఐదేళ్ళుంటాయి. తల నున్నగా దువ్వి ఉంది, కళ్ళకు కాటుక, కాళ్ళకు పట్టీలు. ఒక్క మరక లేకుండా చూసుకుంటున్నారు. జ్వరంతో పెదవులు పేలిపోయాయి. ఒక అరచెయ్యి మాత్రం గోడకు ఆనించే ఉంది. పాపా అని పిలిచాను. తిరగలేదు. ముసలామె చేతిలో చెంబు జారి రాతి నేల మీద ఖణేల్మంది. నేను ఉలిక్కిపడ్డాను. పాప రెప్ప కూడా కదల్చలేదు.

సరిగ్గా అప్పుడే అవతలి నుంచి పిల్లలు కొట్టారు. టక్, టక్, టక్. పాప కళ్ళు తెరిచింది. మొహమంతా నవ్వు పరుచుకుంది. పిడికిలి ఎత్తబోయింది గానీ శక్తి చాలక అది చాప మీద పడిపోయింది. నేను కూర్చుని, ఆ పిడికిలి నా చేతిలోకి తీసుకుని, మూడుసార్లు గోడకు తట్టించాను. అవతల పదకొండు గొంతులు ఒక్కసారి కేక పెట్టాయి. ఆ కేక ఆ ఇంట్లో నాకూ ముసలామెకూ మాత్రమే వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ పాప పుట్టినప్పుడు బరువు తూచింది నేనే. ఈ అవ్వే వాకిట్లోకి తెచ్చి చూపింది. రెండేళ్ళు నిండినప్పుడు ప్రతి బిడ్డకూ మేము ఒక ఫారం నింపాలి. పిలిస్తే తిరిగి చూస్తుందా? రెండు మాటలు కలిపి చెబుతుందా? ఆ నెల నేను సందు మొదట్లోనుంచే వేపమండలు చూసి తిరిగొచ్చేశాను. నెలాఖరున రిపోర్టు పోవాలి, ఖాళీ ఉంటే మెమో వస్తుంది. ఇంట్లో కూర్చుని అవును, అవును అని టిక్కులు పెట్టేశాను. మరుసటేడు సర్వేకి పోతే మళ్ళీ మండలు. సందు మొదట్లో ఎవరో "గొర్రెల ఎంబడి పోయినారు" అంటే, మగమనిషి ఒక్కడే పోతాడని తెలిసి కూడా ఇంటిల్లిపాదికీ కలిపి వలస అని రాశాను. ఆ తర్వాతి ఏడాది పోనేలేదు, పాత పేజీ చూసి దించుకున్నాను. ఆకు చూసి ఆగడం మా ఊళ్ళో మర్యాద. ఆ మర్యాద చాటున నేను పని ఎగ్గొట్టాను.

జ్వరానికి ఆ పూటే నర్సును పిలిపించాను. చెవుల సంగతి కోడలికి సాయంత్రం చెప్పాను. ఆమె ఇరవై అయిదేళ్ళ మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. "నాకు అనుమానంగానే ఉండె అక్కా. అత్తకు ఎట్ల ఎదురు చెప్పేది?" అంది. ముసలామెతో వాదించి లాభం లేదని నాకు తెలుసు. దేవత లేదు గీవత లేదు అని నా నోటితో నేనే అనలేను. చివరికి, "అవ్వా, మనం పిలిచి నీళ్ళు పోస్తే గదా అమ్మ లేచేది? మనమే పొమ్మనకపోతే ఆమెట్ల పోతాది?" అన్నాను. ఆమె "గొంతు ఇయ్యకుండా పోతే?" అంది. "అడుగుదాం" అన్నాను.

పాపకు నెమ్మదించాక ఒక ఆదివారం పొద్దున తలకు నీళ్ళు పోశారు. సందులో అందరికీ పెరుగన్నం పెట్టారు. ముసలామె మండలు తానే విప్పి, ఏడుస్తూ పొలిమేర దాకా తీసుకుపోయి వదిలింది. పాప గడప దగ్గర నిలబడి వెలుతురుకు కళ్ళు చిట్లించింది. సందు నిండా జనం, అందరూ అమ్మవారి ఇంటికేసి చూసినట్టే ఇంకా భయంగా చూస్తున్నారు. మా పిల్లలు మాత్రం పరిగెత్తుకుపోయి అక్కా అక్కా అని గౌను పట్టుకుని లాగారు. ఇంతకాలం తాము మాట్లాడిన మనిషికి మొహం ఇట్లా ఉంటుందని వాళ్ళకూ తెలియదు కదా. ఆ అక్క ఒక్కొక్కరి అరచేతులూ పట్టి చూసింది.

ట్రైనర్ మేడం నా నోటుబుక్కును మార్కాపురంలో అందరి ముందూ చదివింది. ఒక్క మాట కూడా కొట్టేయలేదు. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు, శాలువా కప్పారు. ఫారం మీది టిక్కుల సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు దగ్గరికి పోయాను. శాలువా భుజం మీద ఉండగా నోరు రాలేదు.

ఒంగోలులో చెవుల డాక్టరు దగ్గరికి పాపను నేనే తీసుకుపోయాను, తల్లి కూడా వచ్చింది. బస్సులో ఆమెకు మాత్రం చెప్పేశాను. చూడకుండానే అంతా బాగుందని రాశానని, ఎక్కడా దాచకుండా చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మార్కాపురం దాటింది, పొదిలి దాటింది, ఒంగోలు వచ్చింది.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి కాగితాలు ముందు పెట్టుకున్నాడు. చంకబిడ్డగా ఉన్నప్పటి ఆ జ్వరంలోనే చెవులు పోయాయన్నాడు. మిషన్ పెడితే కొంత వినిపించొచ్చు, సైగలు నేర్పించండి, సైగల బడి ఉంది, చక్కగా చదువుకుంటుంది అన్నాడు. కానీ నోటి మాట మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దన్నాడు. మాట పట్టుకునే వయసు చాలావరకు దాటిపోయిందట.

"రెండేళ్ళప్పుడే ఎవరైనా చూసి పంపి ఉంటే ఈ పాప మాట్లాడేదమ్మా. మీ ఊళ్ళో అంగన్వాడీ లేదా?"

తల్లి నా వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"లేదు సార్. మా పాపకు అంగన్వాడీ లేదు."

నన్ను కాపాడిందో, కొట్టిందో నాకు ఈ రోజుకీ తెలియదు. డాక్టరు తల ఊపి, ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు. రాసి నన్ను చూశాడు. పాప నా ఒళ్ళోనే కూర్చుని ఉంది.

"మీరేమవుతారు పాపకు?"

"పెద్దమ్మను సార్," అన్నాను.